సంరక్షకురాలికీ వన్యప్రాణికీ మధ్య అనుబంధాన్ని చిత్రీకరించేటప్పుడు హద్దు ఎక్కడ?

ఏటిగట్టు (ప్రశ్న):

తల్లిని కోల్పోయిన నీటికుక్క పిల్లలను పెంచి, ఈడు వచ్చాక తిరిగి నదిలో విడిచిపెట్టే ఒక సంరక్షకురాలి గురించి మా చిన్న బృందం డాక్యుమెంటరీ తీస్తోంది. నేను అందులో సహాయ దర్శకుడిని. ఇప్పుడు ఆమె దగ్గర ఉన్న పిల్లల్లో ఒకటి ఆమెను విడిచి ఉండదు. ఆమె గట్టు మీద కూర్చోగానే నీళ్లలోంచి వచ్చి, తడి ముంగాళ్లతో ఆమె చొక్కా చేతిని పట్టుకొని లాగుతుంది. ఆమె లేచి నాలుగడుగులు వేస్తే కీచుమంటూ వెనకే పరుగెత్తుతుంది. చిత్రానికి ప్రాణం ఆ దృశ్యాల్లోనే ఉందని మా దర్శకుడి నమ్మకం. దాన్ని ఒళ్లోకి తీసుకొని ముద్దుచేసే దృశ్యాలు ఇంకా కావాలని ఆయన అడుగుతున్నారు. ఆమె మాత్రం, పిల్ల ఎదుగుతున్నకొద్దీ తాను తాకడం తగ్గించుకుంటున్నానని, కెమెరా కోసం మళ్లీ మొదటికి రాలేనని మెత్తగానే అయినా గట్టిగా చెబుతున్నారు.

నాకు ఇద్దరి మాటలోనూ న్యాయం కనిపిస్తోంది. ఆ అనుబంధాన్ని చూపకపోతే ఆమె చేస్తున్న పని ఎవరికీ అర్థం కాదు. చూపడం కోసం దాన్ని పెంచితే ఆ పిల్లకే చేటు జరుగుతుందేమోనన్న భయం ఉంది. అసలు ఈ జంతువులు మనుషుల పట్ల చూపేది నిజమైన అనుబంధమేనా, లేక తిండి పెట్టే చేతిని గుర్తుపట్టడమేనా? కెమెరాతో మేము రోజూ అక్కడ ఉండడం దాని మీద ఎలాంటి ప్రభావం చూపుతుంది? ఇలాంటి చిత్రాలకు పనిచేసినవారు, జంతువుల పునరావాసంలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

పచ్చికబయలు:

చాలా ఏళ్లుగా వన్యప్రాణి చిత్రాలకు కెమెరా పట్టినవాడిగా నాకు తెలిసినంతవరకు చెబుతాను. పసితనంలోనే తల్లి పోయిన నీటికుక్కకు తిండి పెట్టే చేయి, వెచ్చదనం ఇచ్చే ఒడి, ఆపదలో తలదాచుకునే చోటు అన్నీ ఒకే మనిషి. కాబట్టి ఆ పిల్ల ఆమెను వెతుక్కోవడాన్ని తిండి కోసం చేసే పనిగా కొట్టిపారేయలేం. అయితే అడవిలో తన గుంపుతో పెరిగిన జంతువు మనిషిని దగ్గరికి రానివ్వడం పూర్తిగా వేరే సంగతి. మీ నీటికుక్కది ఆధారపడడం, దానిది ఓర్చుకోవడం. సినిమాల్లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూసేవారు రెండింటినీ స్నేహమనే అనుకుంటారు.

ఓర్చుకోవడం ఎంత కష్టం మీద వస్తుందో చెప్పడానికి పర్వత గొరిల్లాల కథను మించింది లేదు. గొరిల్లాల మీద పరిశోధన చేసిన డయాన్ ఫాసీ 1967లో రువాండాలోని విరుంగా పర్వతాల్లో కరిసోకే పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పి, గొరిల్లాల ఎదుట నేల మీద వంగి, చూపు దించుకొని, ఆకులు నములుతున్నట్టు నటిస్తూ, అవి తృప్తిగా ఉన్నప్పుడు గొంతులోంచి తీసే త్రేన్పులాంటి శబ్దాన్ని అనుకరిస్తూ వాటి బెదురు పోగొట్టారు. 1978లో బీబీసీ బృందంతో వెళ్లిన ప్రకృతి చిత్రాల వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో, బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చి వస్తువులను పట్టుకోగలగడం గురించి గొరిల్లాల సమక్షంలో నాలుగు మాటలు చెప్పాలనుకున్నారు. తీరా చూస్తే ఒక ఆడ గొరిల్లా ఆయన తల మీద చేయి వేసింది. పిల్లలు ఆయన బూట్ల లేసులు విప్పే పనిలో పడ్డాయి. ఆయన ఆ పాఠం పక్కన పెట్టేసి అలాగే ఉండిపోయారు. ఆ దృశ్యం లక్షలాది మందికి గొరిల్లా పట్ల ఉన్న భయాన్ని పోగొట్టింది. కానీ ఆ చనువు ఆ రోజు పుట్టింది కాదు, అటెన్‌బరో సంపాదించిందీ కాదు. ఫాసీ, ఆమె సహచరులు పదేళ్లకు పైగా కూడబెట్టిన నమ్మకాన్ని కెమెరా కాసేపు అరువు తెచ్చుకుంది. మన వృత్తిలో ఎవరూ మరచిపోకూడని విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఆ చిత్రీకరణకు కొద్ది రోజుల ముందే, 1977 డిసెంబరు 31న, ఫాసీకి ఎంతో ఇష్టమైన డిజిట్ అనే గొరిల్లాను వేటగాళ్లు ఈటెలతో పొడిచి చంపారు. వేటకుక్కలతో వచ్చినవారిని ఎదిరించి, తన గుంపు తప్పించుకునేదాకా నిలబడి అది చనిపోయింది కనుక, మనుషులంటే బెదురు తగ్గడమే దాని చావుకు కారణమని నేను అనను. కానీ మనుషుల్లో ఎవరు తన మంచి కోరేవారో, ఎవరు ఉచ్చు పన్నేవారో తేడా తెలియడం జంతువుకు ఎంత కష్టమో ఆలోచించండి. మీ నీటికుక్క ఆ సంరక్షకురాలిని నమ్మడం వల్ల పెద్ద ప్రమాదం లేదు. మీ కెమెరామన్‌ను, ధ్వని ముద్రించే మనిషిని, మిమ్మల్ని కూడా నమ్మడం మొదలుపెడితే మాత్రం, కొత్త మనిషి వల్ల హాని లేదన్న పాఠం దానికి మీరే నేర్పినట్టు అవుతుంది. రేపు నది ఒడ్డున అదే పాఠం దాని ప్రాణం తీయవచ్చు.

ఆరోగ్యం సంగతి కూడా ఉంది. మన జలుబు గొరిల్లాలకు ప్రాణాంతకమైన ఊపిరితిత్తుల వ్యాధిగా మారగలదని తెలిశాక, ఏడు మీటర్ల దూరం పాటించాలన్న నియమం వచ్చింది. కోవిడ్ తరువాత దాన్ని పది మీటర్లకు పెంచి, మాస్కు తప్పనిసరి చేశారు. సందర్శకుల బృందం ఎనిమిది మందికి మించకూడదు, గంటకు మించి ఉండకూడదు. నేటి నియమాలను పాటించే బృందం ఎవరూ ఆ 1978 నాటి దృశ్యాన్ని మళ్లీ కోరుకోరాదు. మీ బృందంలో దగ్గు, జలుబు ఉన్నవారిని ఆ రోజుకు గట్టు దగ్గరికి రానివ్వకండి.

దూరపుకొండ:

నేను పునరావాస కేంద్రంలో పనిచేస్తాను. మీ సంరక్షకురాలి పక్షాన మాట్లాడుతున్నానని ముందే చెప్పేస్తున్నాను. ఆమె చేయి తగ్గించుకుంటున్నారంటే, ఆ పిల్లను పంపించే పని మొదలుపెట్టారని అర్థం. మనసుకు చాలా కష్టమైన పని అది. దాన్ని వెనక్కి తిప్పమని అడిగే హక్కు ఏ దర్శకుడికీ లేదు.

మీ ప్రశ్నకు సూటిగా సరిపోయే ఉదాహరణ కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియంలో ఉంది. అక్కడ అనాథలైన సముద్రపు నీటికుక్క పిల్లలను మొదట్లో మనుషులే పెంచేవారు. వాటితో పాటు సముద్రంలో ఈదుతూ ఆహారం వెతకడం కూడా నేర్పేవారు. అలా పెరిగినవాటిలో కొన్ని విడుదలయ్యాక కూడా మనుషుల దగ్గరికే వచ్చేవి. 2001 నుంచి పద్ధతి మార్చి, అడవికి తిరిగి పంపడానికి వీలులేని ఆడ నీటికుక్కలకు ఆ పిల్లలను అప్పగించి పెంచడం మొదలుపెట్టారు. పిల్లలకు పాలు పట్టవలసి వచ్చినప్పుడు సిబ్బంది నల్లటి ముసుగు అంగీ తొడుక్కొని, వెల్డింగ్ చేసేవారు పెట్టుకునే ముఖకవచం పెట్టుకొని, మనిషి ఆకారమే తెలియకుండా వెళతారు. అంత చిన్న ప్రాణిని చేతుల్లోకి తీసుకుంటూ కూడా తమ ముఖం చూపించకుండా ఉండడం వారి ప్రేమలో భాగమే. ఆ పెంపుడు తల్లుల దగ్గర పెరిగిన పిల్లలు, వాటి సంతానం కలిసి ఎల్కార్న్ స్లూ అనే ఉప్పునీటి మడుగులో పదిహేనేళ్లలో పెరిగిన నీటికుక్కల సంఖ్యలో సగానికి పైగా వాటా అందించాయని తరువాతి పరిశోధనల్లో తేలింది.

వూపింగ్ కొంగల విషయం ఇంకా లోతైనది. ఉత్తర అమెరికాలో 1940ల ఆరంభానికి రెండు డజన్ల లోపే మిగిలిన ఆ పక్షులకు కొత్త వలస దారి నేర్పడానికి, 2001 నుంచి చిన్న తేలికపాటి విమానాల వెనక పిల్లలను విస్కాన్సిన్ నుంచి ఫ్లోరిడాకు నడిపించారు. పెంచేవారు తెల్లటి నిలువు దుస్తులు వేసుకొని, చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కొని, పిల్లల ఎదుట ఒక్క మాట కూడా మాట్లాడేవారు కాదు. ఇంత జాగ్రత్త పడినా, ఆ పక్షులు పెద్దవై గుడ్లు పెట్టాక పిల్లలను సరిగ్గా పెంచుకోలేకపోతున్నాయని గమనించి, అమెరికా ప్రభుత్వ వన్యప్రాణి విభాగం 2016లో విమానాలతో నడిపించే ఆ పద్ధతిని ఆపించింది. మనిషి ముఖం దాచుకున్నా, తల్లి కొంగ నేర్పేది పూర్తిగా నేర్పలేకపోయాడన్నమాట. దీన్ని చదివిన తరువాత, ఒళ్లో కూర్చోబెట్టి ముద్దుచేసే దృశ్యం ఇంకొకటి కావాలని ఎవరైనా అడగగలరా?

మీరు చేయగలిగినవి చెబుతాను. గట్టు దగ్గరికి ఒక్క కెమెరామన్ మాత్రమే వెళ్లాలి. ఆయన ప్రతిరోజూ ఒకే చోట, వీలైతే తడికె చాటున ఉండి, దూరపు లెన్స్‌తో తీయాలి. మాట్లాడకూడదు, చేయి చాచకూడదు, తిండి అసలే పెట్టకూడదు. పిల్ల ఆయన దగ్గరికి వస్తే లేచి వెళ్లిపోవాలి, అప్పుడు ఎంత మంచి దృశ్యం పోయినా సరే. నీటి ఒడ్డున కదలికను బట్టి తనంతట తానే తీసే కెమెరా ట్రాప్‌లు పెడితే, మనుషులు లేనప్పుడు ఆ పిల్ల ఎలా ఉంటుందో దొరుకుతుంది. నా దృష్టిలో మీ చిత్రానికి అవే విలువైన దృశ్యాలు. చేప వెనక మునిగి, పట్టలేక, మళ్లీ మునిగి, చివరకు బండ మీదికి ఈడ్చుకొచ్చి తోక వైపు నుంచి కాదు తల వైపు నుంచి కొరకడం నేర్చుకున్న రోజున సంరక్షకురాలు దూరం నుంచి ఎలా చూస్తారో తీయండి. వారి అనుబంధం అందులోనే తెలుస్తుంది.

వెన్నెలమడుగు:

పైవారు చెప్పిన జాగ్రత్తలన్నీ అవసరమే. అయినా, అనుబంధాన్ని దాచిపెట్టాలన్నట్టుగా చర్చ సాగడం నాకు కొంత బాధగా ఉంది. చిత్రీకరణలో పుట్టిన అనుబంధం మనుషులను జీవితాంతం మార్చిన సందర్భాలు ఉన్నాయి. ఒకటి చెబుతాను.

కెన్యాలో జాయ్, జార్జ్ ఆడమ్సన్ దంపతులు పెంచి అడవికి పంపిన ఎల్సా అనే సివంగి కథ 1966లో బార్న్ ఫ్రీ అనే సినిమాగా వచ్చింది. ఆడమ్సన్ల పాత్రలు పోషించినవారు వర్జీనియా మెకెన్నా, బిల్ ట్రావర్స్ అనే నటదంపతులు. జార్జ్ ఆడమ్సన్ దగ్గరుండి సలహాలు ఇస్తుండగా వారు నిజమైన సింహాలతోనే నటించారు. షూటింగు ముగిశాక వాటిలో మూడింటిని మాత్రం జార్జ్ తీసుకొని మేరు ప్రాంతంలో అడవి జీవితానికి అలవాటు చేయగలిగారు. మిగతావాటిలో ఎక్కువ భాగం జంతుప్రదర్శనశాలలకు వెళ్లిపోయాయి. ఆ విషయం ఆ దంపతులను ఎంతో కలచివేసింది.

రెండేళ్ల తరువాత అదే కెన్యాలో వారు మరో చిత్రంలో నటించారు. అందులో పోలె పోలె అనే రెండేళ్ల ఏనుగు పిల్ల ఉంది. దాన్ని లండన్ జంతుప్రదర్శనశాలకు బహుమతిగా పంపడానికి అడవిలో పట్టారు. షూటింగు రోజుల్లో అది వారికి బాగా చేరువైంది. దాన్ని పంపవద్దని, అక్కడే అనాథ ఏనుగులతో పాటు పెరగనివ్వమని వారు అడిగారు. దీన్ని ఉంచేస్తే దాని బదులు ఇంకో పిల్లను పట్టి పంపవలసి వస్తుందని సమాధానం వచ్చింది. మరో తల్లి నుంచి మరో పిల్లను వేరు చేయడానికి కారణం కాలేక వారు మిన్నకుండిపోయారు. 1982లో వారు లండన్‌లో దాన్ని చూడడానికి వెళ్లి పేరు పెట్టి పిలిస్తే, అన్నేళ్ల తరువాత కూడా అది దగ్గరికి వచ్చి వారి చేతుల వైపు తొండం చాచింది. మరుసటి ఏడాది దాన్ని వేరే చోటికి తరలించే ప్రయత్నంలో అది కుప్పకూలింది. చివరకు దానికి ప్రాణాంతక ఇంజెక్షను ఇచ్చారు. ఏనుగులు అరవై ఏళ్లకు పైగా బతకగలవు. దానికి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. ఆ దుఃఖంలోనే మెకెన్నా దంపతులు 1984లో జూ చెక్ అనే సంస్థను స్థాపించారు. అదే తరువాత బార్న్ ఫ్రీ ఫౌండేషన్‌గా మారి, నేటికీ బంధిత జంతువుల కోసం పనిచేస్తోంది.

తిండి పెట్టే చేతిని గుర్తుపట్టడమే అయితే పద్నాలుగేళ్ల తరువాత ఆ తొండం ఎందుకు చాచాలి? ఆ అనుబంధాన్ని నేను మనసారా నమ్ముతాను. అందుకే, షూటింగు అయిపోయాక ఆ ప్రాణి గతి ఏమిటని మొదటి రోజే అడగవలసిన బాధ్యత చిత్ర బృందానిదని కూడా నమ్ముతాను. మీ బడ్జెట్టులో విడుదల తరువాతి గమనింపుకు డబ్బు ఉందా? ఆ పిల్ల విడుదలకు పనికిరాదని తేలితే దాన్ని ఎవరు చూసుకుంటారు? మీ దర్శకుడితో ఒళ్లో దృశ్యాల గురించి వాదించే ముందు ఈ రెండూ అడగండి.

ఇసుకతిన్నె:

పెద్ద మాంసాహారుల విషయంలో ఒక హెచ్చరిక కూడా ఇక్కడ ఉండాలి. తిమోతీ ట్రెడ్‌వెల్ అలాస్కాలోని కాట్మాయి ఉద్యానవనంలో పదమూడు వేసవులు గోధుమరంగు ఎలుగుబంట్ల మధ్య గడిపి, తనను తానే చిత్రీకరించుకున్నారు. ఆ జంతువులను ఆయన నిజంగా ప్రేమించారనడంలో నాకు సందేహం లేదు. 2003 అక్టోబరులో ఒక ఎలుగు ఆయనను, ఆయన సహచరిని చంపింది. వారి అవశేషాల కోసం వెళ్లిన సిబ్బంది రెండు ఎలుగుబంట్లను కాల్చవలసి వచ్చింది. అంటే ఆ చనువుకు ఎలుగుబంట్లు కూడా ప్రాణాలతో మూల్యం చెల్లించాయి. నీటికుక్క చిన్నదే కానీ, ఎదిగిన నీటికుక్క కాటు ఎముకదాకా దిగుతుంది. ఈత కొట్టే పిల్లవాడి దగ్గరికి అది చనువుగా వెళితే ఆ తరువాత జరిగేది ఊహించుకోండి.

ఏటిగట్టు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ సమాధానాలను దర్శకుడికి చదివి వినిపించాను. మాంటెరీ ముఖకవచాల గురించి విన్నాక ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒళ్లో దృశ్యాల ప్రస్తావన మళ్లీ తేలేదు. విడుదల తరువాతి గమనింపు ఖర్చు గురించి నిర్మాతలతో మాట్లాడతానన్నారు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. చిత్రీకరణ జరుగుతుండగా పిల్లకు గాయమైనా, వేరే జంతువు దాడి చేసినా మేము కలగజేసుకోవాలా? ప్రచారం కోసం చిన్న వీడియోలు ముందుగా విడుదల చేయమంటున్నారు. అందులో ఆమె చేతిని పిల్ల లాగే దృశ్యం వేయవచ్చా?

పచ్చికబయలు:

కలగజేసుకోవడం గురించి మా వృత్తిలో ఏకాభిప్రాయం లేదు. దక్షిణాఫ్రికా తీరంలో ఒక ఆక్టోపస్‌ను ఏడాది పాటు అనుసరించి చిత్రీకరించిన క్రెయిగ్ ఫాస్టర్, సొరచేప దాని చేయి తెంపుకుపోతున్నా అడ్డుపడలేదు. ఆ చేయి తరువాత మెల్లగా తిరిగి మొలిచింది. 2018లో ప్రసారమైన బీబీసీ చిత్రం కోసం అంటార్కిటికాలో పనిచేసిన బృందం మాత్రం, మంచు లోయలో పిల్లలతో సహా చిక్కుకుపోయిన ఎంపరర్ పెంగ్విన్ల కోసం మంచులో వాలుగా దారి తవ్వింది. వారు పక్షులను ముట్టుకోలేదు, తరమలేదు. దారి చేసి పక్కకు తప్పుకున్నారు. వాటంతట అవే ఎక్కి వచ్చాయి. నాకు రెండు నిర్ణయాలూ సబబుగానే తోస్తాయి. సొరచేప కూడా ఆకలితో ఉన్న ప్రాణే, దాని నోటి దగ్గర కూడు లాగేసుకోవడానికి మనమెవరం? పెంగ్విన్ల విషయంలో ఏ ప్రాణి నోటి ముందు తిండీ తీయలేదు.

మీ పిల్ల ఇంకా స్వేచ్ఛా జీవి కాదు, ఆమె సంరక్షణలో ఉంది. కాబట్టి విడుదలయ్యేదాకా నిర్ణయం ఆమెది, పశువైద్యుడిది. మీరు కెమెరా ఆపి వారు చెప్పింది చేయాలి. విడుదలయ్యాక మాత్రం, మనుషుల ఉచ్చో వలో తగిలితే తప్ప, దూరంగా ఉండాలని ముందుగానే రాసిపెట్టుకోండి. ఆ క్షణంలో ఎవరి మనసూ నిలకడగా ఉండదు.

దూరపుకొండ:

ప్రచార వీడియో గురించి నేను చెబుతాను, ఎందుకంటే దాని ఫలితం చివరకు చేరేది మా వంటి కేంద్రాలకే. 2009లో ఒక స్లో లోరిస్‌ను చక్కిలిగింతలు పెడుతున్న వీడియో ప్రపంచమంతా తిరిగింది. మన దగ్గర దేవాంగ పిల్లి అని పిలిచే ప్రాణికి అది దగ్గరి బంధువు. చేతులు పైకెత్తితే అది ఇంకా కావాలని అడుగుతోందని జనం మురిసిపోయారు. నిజానికి ఆ ప్రాణికి మోచేతి దగ్గర విషం స్రవించే గ్రంథి ఉంటుంది. భయపడినప్పుడు ఆత్మరక్షణ కోసమే అలా చేతులెత్తుతుంది. ఆ వీడియో చూసిన ఎంతోమంది తమకూ అలాంటిది ఒకటి కావాలన్నారు. అమ్మకానికి పెట్టేముందు వ్యాపారులు దాని పళ్లు పీకేస్తారు. మనిషి పక్కన నిలబడిన చింపాంజీ ఫొటో చూసినవారు, ఒంటరి చింపాంజీ ఫొటో చూసినవారి కంటే ఎక్కువగా, అడవిలో చింపాంజీలకు కొదవ లేదని నమ్మినట్టు పరిశోధనల్లో కూడా తేలింది. నీటికుక్క పిల్లలను ఇళ్లలో పెంచుకోవాలన్న మోజు వల్ల ఇప్పటికే కొన్ని దేశాల్లో వాటిని అడవుల నుంచి ఎత్తుకెళుతున్నారు.

కాబట్టి చొక్కా చేయి లాగే దృశ్యాన్ని చిత్రంలో, దాని ముందూ వెనకా ఉన్న కథతో కలిపి ఉంచండి. విడిగా బయటకు వదలకండి. శీర్షికలో ఎంత వివరంగా హెచ్చరిక రాసినా, వీడియో చేతులు మారేటప్పుడు అది ఊడిపోతుంది, బొమ్మ మాత్రం మిగులుతుంది. ప్రచారానికి చేప పట్టే దృశ్యం వాడుకోండి. మరో సంగతి కూడా మీ ఎడిటరుతో ఇప్పుడే మాట్లాడండి. విడుదల చేసిన నది పేరు, గుర్తుపట్టగలిగే వంతెన, గుడి గోపురం, బండల వరుస ఏవీ తెర మీద ఉండకూడదు. వీడియో ఫైళ్లలో కెమెరా తనంతట తాను నమోదు చేసే స్థల వివరాలను కూడా తుడిచివేయాలి. చిత్రం ఎప్పుడు ప్రదర్శించాలన్నది కూడా సంరక్షకురాలి చేతిలోనే పెట్టండి. ఆ పిల్ల నదిలో కుదురుకొని, మనిషి అలికిడికి మునిగి పారిపోతోందని ఆమె రూఢి చేసుకున్న తరువాతే తేదీ ప్రకటించండి.